తల దించిన పాఠకులు గైర్హాజరు

తాడిరేవు శాఖా గ్రంథాలయానికి వచ్చేవాళ్లు ఊరికే చదువుకుని ఇళ్లకి వెళ్లిపోతున్నారన్న సంగతి పై ఆఫీసుకి ఎవరు చెప్పారో గాని, చెప్పారు. కొత్త సంవత్సరం డైరీతో పాటు ఒక ఉత్తర్వు కూడా వచ్చింది.

గ్రంథపాలకుడు గుబ్బల ఏడుకొండలు దాన్ని మూడుసార్లు చదివాడు. మొదటిసారి అర్థం కాలేదు. రెండోసారి అయింది. మూడోసారి, తప్పుగా అర్థమైందేమోనన్న ఆశతో చదివాడు.

“గ్రంథాలయములు కేవలము పుస్తకములు చదువుకొను స్థలములుగా మిగిలిపోవుట శోచనీయము. ఇకపై ప్రతి శాఖయందును దినమునకొక వయోజన కార్యక్రమము గాని, సామాజిక వేడుక గాని విధిగా జరుపవలెను. హాజరును గోడకు అమర్చబడు ‘జ్ఞానముఖి’ యంత్రము లెక్కించును. మార్చి మాసమునందు దినమునకు సగటున ముప్పది ముఖములు నమోదు కాని శాఖలు మండల కేంద్ర గ్రంథాలయమునందు విలీనము చేయబడును.”

మండల కేంద్రం పద్నాలుగు కిలోమీటర్లు. సాయంత్రం అటు వెళ్లే బస్సు ఉంది గాని, తిరిగొచ్చే బస్సు లేదు.

అయినా ఏడుకొండలు మొదట్లో బెదరలేదు. జనానికి ఆయన దగ్గర కరువేం లేదు. పొద్దున్న ఎనిమిది నుంచి పదకొండు దాకా పింఛనుదార్లు పేపర్ని నాలుగు ముక్కలుగా విడదీసుకుని ఒకరి ముక్క కోసం ఇంకొకరు కాచుకుని ఉంటారు. సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా ఉద్యోగ పరీక్షలవాళ్లు, నవలల ఆడవాళ్లు. వీళ్లందరికీ మించి కడలి మంగతాయారు.

తాయారుకి నలభై ఒక్క ఏళ్లు. అంగన్‌వాడీలో ఆయా. వాళ్ల కేంద్రంలో టీచరమ్మ జూన్‌లో దిగిపోతోంది. ఆ కుర్చీ తాయారుకి రావాలంటే పదో తరగతి పాసవ్వాలి. ఏప్రిల్ మొదట్లో ఓపెన్ స్కూలు పరీక్షలు. ఇంట్లో చదువుదామంటే మొగుడు వడ్రంగి, ఉన్న ఒక్క వరండాలో పొద్దస్తమానం రంపం. అందుకని సాయంత్రం కేంద్రానికి తాళం వేసి తిన్నగా గ్రంథాలయానికొచ్చి, కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుని, వరస కింద వేలు పెట్టుకుని చదువుకుంటుంది. ముక్కు పుస్తకానికి తగులుతుందేమో అన్నంతగా వంగిపోతుంది. ఆవిడ ఈ ఏడు గట్టెక్కుతుందని ఏడుకొండలు నమ్మకం. తన సొంత కూతురు పరీక్షలప్పుడు కూడా ఆయన అంత ఆదుర్దా పడలేదు.

ఇద్దరు మనుషులు వచ్చి గుమ్మం పైన కన్నం పెట్టి గ్లాసంత కెమెరా ఒకటి బిగించి పోయారు. గంటకొక ఫోటో. అందులో ఎన్ని ముఖాలుంటే అంత హాజరు. తెలిసిన ముఖమైతే పక్కన పేరు కూడా పడుతుంది.

మొదటి వయోజన కార్యక్రమంగా ఏడుకొండలు ‘సామూహిక పఠనం’ పెట్టాడు. గ్రంథాలయం కదా అని ఆయనకి తోచిన మొదటి ఆలోచన అదే, పాపం. నలభై ఇద్దరు వచ్చారు. స్టూళ్లు చాలక కిటికీ గూళ్లలో కూడా కూర్చున్నారు. రెండు గంటల పాటు ఫ్యాన్ల చప్పుడూ, కాగితాలు తిప్పిన చప్పుడూ తప్ప ఇంకేమీ లేదు. పాతికేళ్ల సర్వీసులో అంత మంచి సాయంత్రం ఆయన ఎరగడు. ఆ రాత్రి ఇంట్లో కూర బాగోకపోయినా ఏమీ అనలేదు.

మర్నాడు కంప్యూటర్లో లెక్కలు చూపించే డాష్‌బోర్డు తెరిస్తే, హాజరు: మూడు.

ఒకటి ఆయన ముఖమే. యంత్రం పనిచేస్తోందా లేదా అని కెమెరా వైపు చూశాడు. రెండోది గోడమీది కేలండర్లో లక్ష్మీదేవి. మూడోది బల్లమీది పేపర్లో నగల దుకాణం ప్రకటనలో నవ్వుతున్న అమ్మాయి.

వెంటనే జిల్లా గ్రంథాలయ ప్రగతి అధికారి సోమసుందరం గారికి ఫోను చేశాడు.

“నలభై ఇద్దరొచ్చేరండి. సంతకాలు కూడా ఉన్నాయండి.”

“సంతకాల యుగం అంతరించిందయ్యా ఏడుకొండలూ. ఇది ముఖాల యుగం. ఫోటో నా ముందే ఉంది. నలభై రెండు నడినెత్తులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. నడినెత్తుకి హాజరు వేసే నిబంధన మన దగ్గర లేదు.”

“చదూతున్నారండి. చదివేటప్పుడు తల వంగుద్ది కదండి.”

“వంగవచ్చు. అది వారి వ్యక్తిగత స్వేచ్ఛ, దానిలో శాఖ జోక్యం చేసుకోదు. కానీ తల వంచిన పాఠకుడు సాంకేతికంగా గైర్హాజరు. మీ గ్రంథాలయంలో ఎవరూ తల దించుకోవలసిన పరిస్థితి రాకుండా చూసుకోవడం మీ బాధ్యత.”

వారం తిరక్కుండా సర్క్యులర్ దిగింది. దేవతామూర్తులూ, సినీతారలూ, వాణిజ్య ప్రకటనలలోని స్త్రీలూ పాఠకులుగా పరిగణింపబడరు. ఏడుకొండలు కేలండరు తీసేశాడు. హాజరు మరొకటి తగ్గింది.

గంటకొక ఫోటో అన్నారు కదా అని ఆయన ఒక ఇత్తడి గంట కొన్నాడు. గంట కావడానికి నిమిషం ముందు వాయిస్తే, లెక్కల్లో మునిగిపోయిన తాయారు తప్ప అందరూ తలలెత్తి గుమ్మం పైకి చూసేవారు. ఫోటో పడగానే మళ్లీ దించేసేవారు. తొమ్మిది రోజులు బండి నడిచింది. పదో రోజు, శాఖలలో ముఖప్రదర్శన ముందస్తు ఏర్పాట్లతో జరుగుతున్నట్లు దృష్టికి వచ్చినందున ఫోటోలు ఏ నిమిషంలోనైనా, ఎన్నైనా తీయబడునని ఇంకో కాగితం వచ్చింది.

ఇక చేసేదేముంది? ఏడుకొండలు బల్లల మధ్య తిరుగుతూ “తలలండీ, తలలు” అని మెల్లగా అనడం మొదలెట్టాడు.

రిటైర్డు పోస్టుమాస్టరు బుల్లబ్బాయి గారికి ఒళ్లు మండింది. పేపర్లో ఆయన వంతు ముక్క చేతికొచ్చిందే అప్పుడు. “ముప్పయ్యారేళ్లు తలొంచుకుని ముద్రలు కొట్టేనయ్యా నేను. అదంతా సెలవు కింద రాసేత్తారా ఏంటి, నీ ఇల్లు బంగారం గానూ!”

సాయంత్రం తాయారైతే అరవలేదు. వేలు పుస్తకం మీద అలాగే ఉంచి తలెత్తి చూసింది. మళ్లీ దించేసరికి వేలు అక్కడే ఉంది గాని, లెక్క ఎక్కడుందో దొరకలేదు.

“తలెత్తితే లెక్క పోతందండి మాస్టారూ. మళ్లీ మొదట్నించీ చేసుకోవాలొత్తంది. గంటలో ఎనిమిదిసార్లు మొదట్నించీ చేసేనండి ఇయ్యాల.” వేలితో మొదటి వరస వెతుక్కుంటూ, “మా పిల్లల్ని కూడా నేనింతలా అననండి, తలెత్తూ తలెత్తూ అని” అంది.

ఆ ఎనిమిదింట్లో ఒక్కసారి కూడా ఫోటో పడలేదు. ఏడుకొండలుకి సిగ్గేసింది. చదువుకునే మనిషిని చదువుకోవద్దని చెప్పడానికా తను గ్రంథాలయ శాస్త్రంలో సర్టిఫికెట్టు తెచ్చుకుంది? కాని శాఖ మూతపడితే తాయారుకి ఆ బల్ల కూడా ఉండదు. అటు నుయ్యి, ఇటు గొయ్యి. ఆవిడ బల్ల వైపు వెళ్లడం మానేసి, మిగతావాళ్ల తలలతో ముప్పయ్యీ కూడబెట్టాలని నిశ్చయించుకున్నాడు.

పై ఆఫీసువాళ్లు వయోజన కార్యక్రమాల జాబితా పంపారు. ముందు ముగ్గుల పోటీ పెట్టాడు. అరవైమంది ఆడవాళ్లొచ్చి బల్లలు జరిపి గచ్చంతా ముగ్గులతో నింపేశారు. అందరూ వంగే ఉన్నారు. హాజరు సున్న. హాజరే లేని పోటీలో ప్రథమ బహుమతి మంజూరు చేయుట సాధ్యపడదని ఆఫీసు రాసింది. మొదటి బహుమతి వచ్చినావిడ ఏడుకొండలు ఇంటికొచ్చి ఆయన భార్యతో చెప్పుకోవలసినవన్నీ చెప్పుకుని వెళ్లింది.

తరవాత నవ్వుల సంఘం పెట్టాడు. ఇది పండింది. ముప్పై ముగ్గురు కెమెరాకెదురుగా నిలబడి, చేతులు పైకెత్తి, నోళ్లు తెరిచి హహ్హా అని నవ్వారు. జ్ఞానముఖి ఒక్క ముఖం కూడా వదలకుండా లెక్కపెట్టింది. సోమసుందరం గారు స్వయంగా ఫోను చేసి, జిల్లాలో ఇంతటి గ్రంథాలయ సేవ ఇంతవరకు నమోదు కాలేదన్నారు. కిటికీ పక్క తాయారు చెవుల్లో వేళ్లు పెట్టుకుని చరిత్ర చదువుకుంది. రెండు చేతులూ చెవులకి పోయాయి గనక వరస కింద పెట్టడానికి వేలు మిగల్లేదు.

కాని మనిషన్నవాడు రోజూ ఎంతకని నవ్వుతాడు? రెండో వారానికి నవ్వులు పలచబడ్డాయి. మూడోవారం పదకొండుమంది వచ్చి, ధరల గురించి మాట్లాడుకుని పోయారు.

అప్పుడు బుల్లబ్బాయి గారే ఉపాయం చెప్పారు. పేపరు చదవకపోతే ఆయనకి కాఫీ అరగదు. “తల దించకూడదు, అంతే కదా? పేపర్నే పైకెత్తు. మా ఆవిడ బట్టలారేసే తాడుంది, తెత్తానుండు.”

గదికి అడ్డంగా నాలుగు తాళ్లు కట్టారు. పేపర్లూ, పుస్తకాలూ క్లిప్పులు పెట్టి వాటికి తగిలించారు. పాఠకులు కుర్చీల్లో వెనక్కి వాలి, గెడ్డాలు పైకెత్తి, మిద్దె మీది పిల్లిని చూస్తున్నట్టు చదివేవారు. పేజీ తిప్పడానికి ఏడుకొండలు వెదురు కర్ర పుచ్చుకుని నిలబడేవాడు. పది నిమిషాలకోసారి “పేజీ!” అని కేకేసి అందరి పేజీలూ తిప్పేవాడు. వేగంగా చదివేవాళ్లు విసుక్కునేవారు, నెమ్మదిగా చదివేవాళ్లు బతిమాలుకునేవారు. నవలల ఆవిడొకరు హంతకుడెవరో తెలిసే పేజీలో ఆఖరి నాలుగు వరసలు ఉండిపోయాయని వారం రోజులు ఆయనతో మాట్లాడలేదు.

హాజరు ఇరవై తొమ్మిదికి చేరింది. ఆఫీసు ఈ పద్ధతికి ‘ఊర్ధ్వ పఠనం’ అని పేరు పెట్టి మిగతా శాఖలకి కూడా పంపింది. తాళ్లకి టెండర్లు పిలిచారు.

తాయారుకి మాత్రం ఊర్ధ్వ పఠనం పనికిరాలేదు. లెక్కలు చెయ్యాలంటే రాయాలి, రాయాలంటే కాగితం బల్లమీదుండాలి. తాడు మీద ఎవరు రాయగలరు? వంగిన తలతో అలాగే చదువుకుంటూ పోయింది, రెండు నెలలుగా లెక్కలో లేని మనిషి.

మార్చి రెండోవారానికి ఊళ్లో సగంమంది మెడలు పట్టేశాయి. కొండనాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టయింది. ఏడుకొండలు బెంబేలెత్తిపోయి, దాన్నే ఆ రోజు వయోజన కార్యక్రమం కింద రాసి, మెడనొప్పి శిబిరం పెట్టాడు. పట్నం నుంచి ఎముకల డాక్టరు వచ్చి అందరికీ మెడపట్టీలు ఉచితంగా పంచాడు. ఫ్రీగా వస్తే ఫినాయిలైనా తాగే జనం. నొప్పి లేనివాళ్లు కూడా రెండేసి పట్టుకెళ్లారు. మర్నాడు అవి తగిలించుకుని గ్రంథాలయానికి వచ్చారు.

మెడపట్టీ పెట్టుకున్నవాడు తల దించమన్నా దించలేడు. ఆ రోజు హాజరు నలభై నాలుగు.

పిచ్చి కుదిరింది తలకి రోకలి చుట్టమన్నాడట వెనకటికెవడో. సోమసుందరం గారు మార్చి ఇరవై మూడున కారేసుకుని తనిఖీకి వచ్చేశారు. గుమ్మంలో నిలబడి చూశారు. నలభైమంది వయోజనులు మెడలకి తెల్లపట్టీలతో, నిటారుగా, ఆయన వైపే చూస్తున్నారు. ఎవరి చేతిలోనూ పుస్తకం లేదు. ఆయన కళ్లు చెమర్చాయి.

“అద్భుతం! పాఠకుణ్ణి పుస్తకం నుంచి విముక్తం చేశారయ్యా! ఇకపై సభ్యత్వ కార్డుతో పాటు ప్రతి వయోజనుడికీ ఒక గ్రీవాబంధనం జారీ చేయవలసిందిగా నేడే ప్రతిపాదనలు పంపుతాను.”

అలా చూస్తూ చూస్తూ ఆయన కళ్లు కిటికీ దగ్గర ఆగాయి. అక్కడ ఒక నడినెత్తి కనిపించింది. కొప్పు, కొప్పులో కనకాంబరాలు, కింద లెక్కల పుస్తకం.

“ఎవరావిడ?”

“కడలి మంగతాయారండి. వచ్చేవారం పదో తరగతి పరీక్షండి.”

“పట్టీ ఇవ్వలేదా?”

తాయారు లేచి నిలబడింది. “ఇచ్చేరండి. పెట్టుకుంటే కలం కనపడటం లేదండి, తీసేసేను.”

“చూడమ్మా, వయోజన విద్య పట్ల శాఖకి అపారమైన గౌరవం ఉంది. కాని మీరు ఈ భంగిమలో కొనసాగినంత కాలం సాంకేతికంగా ఇక్కడ లేరు. లేని వ్యక్తి ఒక కుర్చీని ఆక్రమించడం ఆస్తి దుర్వినియోగం కిందికి వస్తుంది. ఏడుకొండలూ, ఆవిడని బయటికి పంపించండి.”

తాయారు పుస్తకాలు సర్దుకోవడం మొదలెట్టింది. రేపట్నించి ఎక్కడ చదవాలో ఆవిడకి తెలీదు, ఆ సంగతి ముఖంలో కనిపిస్తూనే ఉంది. సర్వీసులో పై అధికారికి ఏడుకొండలు ఎప్పుడూ ఎదురు చెప్పలేదు. ఇప్పుడు కూడా చెప్పలేదు. చేతులు కట్టుకునే అడిగాడు.

“చిత్తమండి. అయితే ఒక్క సందేహమండి. ఆవిడ లేరని తవరే సెలవిచ్చేరు. లేని మనిషిని బయటికెలా పంపాలండి? పంపినట్టు రిజిస్టర్లో రాత్తే, ఆవిడ ఉన్నట్టు నేనొప్పుకున్నట్టవుద్ది. అప్పుడు జ్ఞానముఖి తప్పు లెక్క చూపించినట్టవుద్దండి.”

గదిలో మెడపట్టీలన్నీ ఒక్కసారి, భుజాలతో సహా, సోమసుందరం గారి వైపు తిరిగాయి.

సోమసుందరం గారు చెడ్డవాడు కాదు. నిబంధన అంటే ప్రాణం ఇచ్చే మనిషి. జేబులోంచి కలం తీసి, మళ్లీ పెట్టేసుకున్నారు. జ్ఞానముఖి తప్పు చేసిందని ఆయన సంతకంతో ఒక కాగితం బయటికి వెళ్లడం కన్నా ఆయన ఉద్యోగం మానుకుంటారు.

“లేని వ్యక్తిని పంపే అధికారం మనకి లేదు,” అన్నారు చివరికి. “అలాగే లేని వ్యక్తికి సదుపాయం కల్పించే అధికారం కూడా లేదు. ఆ వైపు ఫ్యానూ, లైటూ ఆపేయండి.”

ఆపేశారు. తాయారు మళ్లీ కూర్చుంది. పుస్తకాన్ని కిటికీ వెలుగులోకి జరుపుకుని, కొంగుతో మెడ తుడుచుకుని, వేలు వరస కింద పెట్టింది.

మర్నాడు పొద్దున్న బుల్లబ్బాయి గారు మెడపట్టీ ఊడదీసి ఏడుకొండలు బల్లమీద పెట్టారు. “నన్ను కూడా లేనట్టు చూసుకోవయ్యా. నాకు లెక్కలో చోటక్కర్లేదు, పేపరు కావాలి.” వెళ్లి ఫ్యాను లేని వైపు కూర్చున్నారు. తరవాత నవలల ఆడవాళ్లు వచ్చారు. ఉద్యోగ పరీక్షల కుర్రాళ్లు విసనకర్రలు తెచ్చుకుని వచ్చారు. నెలాఖరుకి గది రెండుగా చీలిపోయింది. గుమ్మం వైపు ఉన్నవాళ్లు ఫ్యాన్ల కింద మెడపట్టీలతో హాయిగా కూర్చుని రోజుకో కార్యక్రమం చూసేవారు. కిటికీ వైపు లేనివాళ్లు చెమటలు కక్కుకుంటూ చదువుకునేవారు. ఉన్నవాళ్లు మార్చి సగటున ముప్పై ఒకటి. శాఖ నిలబడింది.

పరీక్షలకి ముందు ఆఖరి సాయంత్రం తాయారు ఒక్కత్తే మిగిలింది. ఏడుకొండలు తాళాలు పట్టుకుని ఎదురు చూశాడు గాని, ఏడైందని చెప్పలేదు. వెలుగు పోయేదాకా చదివి ఆవిడే లేచింది.

“ఒత్తానండి మాస్టారూ. భయంగా ఉందండి.”

“భయమెందుకమ్మా. ఎలా చదివేవో నేను చూసేను కదా.”

ఫలితాలొచ్చాయి. తాయారు పాసైంది. లెక్కల్లో డెబ్బై ఒకటి. మార్కుల కాగితం, బెల్లం జీళ్ల పొట్లం పట్టుకుని తిన్నగా గ్రంథాలయానికే వచ్చింది. ఏడుకొండలు ఆ కాగితం చూసి ఏడ్చేశాడు. అంత పెద్దమనిషి ఏడుస్తుంటే ఏం చెయ్యాలో తెలీక ఆవిడ పొట్లం విప్పి అందరికీ జీళ్లు పంచింది. ఉన్నవాళ్లకీ లేనివాళ్లకీ కూడా.

సరిగ్గా ఆ వారమే ప్రతి శాఖ నుంచీ ఒక విజయగాథ పంపాలని ఆఫీసు అడిగింది. ఏడుకొండలు తాయారు గురించి ఒక పేజీ రాశాడు. పుస్తకాలూ, పాఠకులూ ఉన్న ఉద్యోగంలో ఆయన మనస్ఫూర్తిగా రాసిన కాగితం అదొక్కటే.

పది రోజులకి జవాబొచ్చింది.

“మీరు పంపిన విజయగాథలోని కడలి మంగతాయారు అను వ్యక్తి మీ శాఖకు ఒక్క దినమైనను హాజరైనట్లు జ్ఞానముఖి యందు నమోదు లేదు. హాజరు కాని వ్యక్తి మీ గ్రంథాలయమున చదివి ఉత్తీర్ణురాలైనట్లు అసత్యము నివేదించినందుకు మీపై చర్య ఏల తీసుకొనరాదో మూడు దినములలో సంజాయిషీ దాఖలు చేయవలెను.”

ఏడుకొండలు తెల్లకాగితం తీసుకుని బల్లమీదకి వంగాడు. మొదటి వాక్యం కొట్టేశాడు. మళ్లీ రాశాడు, మళ్లీ కొట్టేశాడు. గంటసేపటికి మిగిలినవి ఇవి:

“సదరు మంగతాయారు తల దించుకుని చదివినారు. చదువుటకు వేరొక పద్ధతి నాకు తెలియదు.”

ఆ గంటలో జ్ఞానముఖి మూడు ఫోటోలు తీసింది. ఆ సాయంత్రం తాడిరేవు గ్రంథపాలకుడు విధులకు రాలేదని మర్నాడు డాష్‌బోర్డులో ఉంది.